లేవని కుడిచేయి

రెండేళ్ల కిందటి ఎండాకాలం. కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు మీద నాకు విగ్రహాల షెడ్డు ఉంది. రామారెడ్డి వైపున్న ఒక ఊరి కమిటీవాళ్లు తమ ఊరి నాయకుడి విగ్రహం కావాలని వచ్చారు. నైజాం కాలంలో మూడు రంగుల జెండా ఎత్తి జైలుకు పోయి, తర్వాత ఢిల్లీలో మంత్రి అయిన మనిషి. పోయి చాలా కాలమైంది.

మా పనిలో గుట్టు ఒకటి చెప్తాను, నవ్వుకోండి. నాయకుల విగ్రహాలకు ఒళ్లు ప్రతిసారీ కొత్తగా చేయం. ధోవతి, కండువా, పైకెత్తిన కుడిచేయి, అన్నిటికీ ఒకటే మౌల్డ్, అంటే అచ్చు. తల ఒక్కటే మారుతుంది. ఈ చుట్టుపక్కల నేను పోసిన నాయకులంతా ఒకే చేత్తో ఆకాశాన్ని చూపిస్తుంటారు. తలను మాత్రం ముందు మట్టితో చేసి, ఆ క్లే మోడల్‌ను ఇంటివాళ్లకు చూపిస్తాం. వాళ్లు పాస్ చేస్తేనే ఫైబర్ పోస్తాం.

తల పాస్ చేయడానికి ఆయన చెల్లెలు నర్సవ్వను తీసుకొచ్చారు. తొంభై దగ్గరపడ్డ మనిషి. మంత్రి చెల్లెలై ఉండీ బతుకంతా బీడీలే చుట్టిందట. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మట్టి తలనూ, పక్కనే నిలబెట్టిన చేయెత్తిన ఒంటినీ తిరిగి తిరిగి చూసింది.

"ముఖం మంచిగనే ఉంది. చెయ్యి మాత్రం మా అన్నది గాదు" అంది.

"ఏమైంది అవ్వా చేతికి?" అన్నాను.

"మా అన్న కుడిచెయ్యి పైకి లేవదు. జెండా ఎత్తిన తెల్లారి నుంచి ఎన్నడు లేవలే."

గోడకు అంటించుకున్న ఫోటోలు మళ్లీ చూశాను. సభలో మాట్లాడుతున్నా, దండ వేయించుకుంటున్నా, ప్రతి ఫోటోలో ఆ చేయి కండువా కిందే ఉంది.

కమిటీ ప్రెసిడెంటు నైజాం సర్కారు తరఫున ఆ ఊరిని ఏలిన పాత పటేలుగారి మనుమడు. అతను ఒప్పుకోలేదు.

"చెయ్యి కిందికి పెడితే గొప్ప మనిషి లెక్క కనిపిస్తడా అవ్వా? పోలీసులు కొట్టిన్రా ఏంది? గా సంగతి బోర్డు మీద రాపిద్దాం."

అవ్వ అతని ముఖంలోకే చూస్తూ నిమ్మళంగా చెప్పింది.

"పోలీసులు గాదు బిడ్డా, మీ తాత. జెండా ఎత్తిన చెయ్యి గిదేనా అని, మీ కొట్టంల దూలానికి గా ఒక్క చెయ్యి కట్టిచ్చి ఏలాడదీసిండు. భుజం ఊడింది."

ప్రెసిడెంటు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మాకెవ్వలు చెప్పలే అవ్వా" అన్నాడు.

"అన్ననే వద్దన్నడు. మంత్రి అయినంక మీ తాత ఇంటికొస్తే ఎడమచేత్తోటి చాయ్ ఇచ్చిండు. పిలగాండ్ల దాకా పోనియ్యకు, వాళ్లు ఊర్లె తలెత్తుకొని బతకాలె అని నాతోటి అన్నడు. నువ్వు అడిగినవని చెప్పిన. బోర్డు మీద రాయకుండ్రి."

అతను బయటికి పోయి నిలబడ్డాడు. తిరిగొచ్చి, "చెయ్యి కిందికే పెట్టు అన్నా" అని మాత్రం నాతో అన్నాడు.

ఆ ఒంటిని కొత్తగా మట్టితో చేశాను.

ఆవిష్కరణ రోజు పెద్ద పెద్ద అతిథులు వచ్చారు. విగ్రహంలో ఠీవి లేదని ఒకాయన నాతో గొణిగాడు. అది ప్రెసిడెంటు చెవిన పడింది. లేచి మైకు అందుకున్నాడు.

"గీ చెయ్యి మా తాత ఇరగ్గొట్టిండు. అందుకే కిందికున్నది."

నర్సవ్వ పక్కకు జరిగి, అతనికి తన దగ్గర చోటిచ్చింది.

ఇప్పుడు విగ్రహం కోసం ఎవరొచ్చినా ముందు ఫోటో అడగను. ఆ మనిషి ఒంటి మీద ఏ దెబ్బ ఉంది, ఎవరు కొట్టారు అని అడుగుతాను. జవాబు చెప్పేముందు చాలామంది పక్కనున్నవాళ్ల వైపు చూస్తారు.