పసుపు పెట్టిన కొత్త పుస్తకాలు

ఆ ఉదయం పెదనాన్న కుడిచేతి బొటనవేలి గోటి అంచున పసుపు ఉంది.

టీ ఇచ్చి లేపడానికి వెళ్లిన అమ్మ, ఆయన లేవకపోయేసరికి నన్ను పిలిచింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. వీధి చివరి డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పి వెళ్లాడు. అమ్మ ఏడుస్తోంది. నేను ఆ గోటినే చూస్తూ ఉండిపోయాను. మా ఇంట్లో ఆ పసుపుకి ఒకటే అర్థం. కిందటి సాయంత్రం పెదనాన్న కొత్త పుస్తకం కొన్నాడు. కొనడం మానేసిన ఇన్ని నెలల తర్వాత మళ్లీ కొన్నాడు.

పెదనాన్న మా నాన్నకి అన్న. నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే, అమ్మనీ నన్నూ ఆంధ్రా సరిహద్దు అవతలి పల్లె నుంచి ఒడిశాలోని బరంపురం తెచ్చుకున్నాడు. తను పెళ్లి చేసుకోలేదు. బడాబజార్‌లో ఒక పట్టుచీరల దుకాణంలో తెల్లపరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం ఆయన ఉద్యోగం. కొడల నుంచి, దిగపహండి నుంచి పెళ్లి బట్టలకి వచ్చినవాళ్లతో ఒడియాలో బేరమాడుతూ, మా వైపు వాళ్లు వస్తే తెలుగులోకి మారుతూ, విప్పిన చీరని మాటలోనే మళ్లీ మడత పెట్టేసేవాడు. ఆ జీతంతోనే నన్ను కాన్వెంటులో చదివించాడు.

నేను మూడో తరగతిలో ఉండగా, దుకాణంలో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పేపరు ఒకటి మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. అందులో ఒక కామిక్సు పుస్తకం ఫొటో ఉంది. దాని కింద ఏం రాశారో చదవమన్నాడు. కూడబలుక్కుని చదివాను. విదేశంలో ఎక్కడో ఒక పాత కామిక్సు మొదటి సంచిక ఇల్లు కొనుక్కోగలిగినంత ధర పలికిందట. కొత్తది కొన్నట్టే, ఎవరూ తెరవకుండా ఉండిపోయిందట.

"తెరవనిదా? మళ్లీ సూడు తల్లీ," అన్నాడు.

మళ్లీ చూశాను. అదే మాట.

"ఇది మన పనే కదేటి," అన్నాడు అమ్మ వైపు తిరిగి.

ఆయనకి తెలిసిన లోకంలో అది నిజమే. చీర మడత మీద ఉన్నంత కాలమే సరుకు. ఒక్కసారి కడితే ఎంత జరీ ఉన్నా పాతబట్ట. మడత విరగకుండా దాచిన చీరకి, జరీలోని వెండి ధర పెరిగినప్పుడల్లా ధర పెరగడం ఆయన కళ్లారా చూశాడు. పుస్తకం కూడా అంతే అనుకున్నాడు. కొత్త కామిక్సు మొదటి సంచిక వచ్చిందంటే మూడు కాపీలు కొనాలి, తెరవకుండా దాచాలి, ధర వచ్చినప్పుడు అమ్మాలి. "తొందరపడినోడు అంచు సింపుకుంటాడు," అనేవాడు. అది దుకాణంలో సామెత.

ఆదివారం ఉదయాలు స్టేషన్‌లో పుస్తకాల స్టాలుకి నన్ను వెంట తీసుకెళ్లేవాడు. ఒక్కో కాపీనీ రెండు అరచేతుల మీద పట్టుకుని, మూలలు చూసి, వెన్ను చూసి, వెలుతురుకి పెట్టి చూసేవాడు. వెనక రైలు అందుకోవాల్సిన వాళ్లు విసుక్కునేవారు. స్టాలు ఆయన ఒడియా మనిషి, మా తెలుగు బాగా మాట్లాడతాడు.

"పెళ్లిసూపులు అయిపోనాయా బాబూ? పిల్ల నచ్చినాదా?" అనేవాడు.

"ముగ్గురు నచ్చినారు. కట్టెయ్," అనేవాడు పెదనాన్న.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని దేవుడి గూటి ముందు కూర్చునేవాడు. పసుపు తడిపి, అట్టని బొటనవేలు పట్టేంత మాత్రం ఎత్తి, లోపల కింది మూలన ఒక్క బొట్టు అద్దేవాడు. మా ఇళ్లలో కొత్తబట్టకి అంచున పసుపు పెట్టకుండా ఎవరూ కట్టరు. దుకాణంలో మగ్గం మీంచి వచ్చిన సరుకులో మొదటి చీరకి పసుపు పెట్టేది ఆయనే. పసుపు ఆరాక పుస్తకాన్ని చీరల కవరులో పెట్టి, ఎండిన వేపాకు ఒకటి వేసి, చీరలొచ్చిన అట్టపెట్టెలో పడుకోబెట్టేవాడు. నిలబెట్టకూడదు, వెన్ను వంగుతుంది.

కాన్వెంటులో సిస్టర్ మాకు కొత్త పుస్తకం ఎలా తెరవాలో నేర్పింది. వెన్ను బల్లకి ఆనించి, అటు నాలుగు కాగితాలు, ఇటు నాలుగు కాగితాలు, నెమ్మదిగా వేలితో నొక్కుతూ మధ్యకి రావాలి. ఇంట్లో పెదనాన్న ఎలా తెరవకుండా ఉండాలో నేర్పాడు. రెండూ నాకు బాగానే వచ్చాయి.

ముందుగది వీధి మీదికి ఉంటుంది. తలుపు తీస్తే చాలు, గోపాల్‌పూర్ సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వస్తుంది. ఆ గాలికి పుస్తకాల పిన్నులు తుప్పు పడతాయని పెట్టెలన్నీ అమ్మా నేనూ పడుకునే లోపలి గదికి వచ్చాయి. తూర్పు గోడ పొడవునా మొదట మోకాలి ఎత్తు, తర్వాత నా ఎత్తు, తర్వాత పెదనాన్న చెయ్యి చాపితే అందేంత ఎత్తు. అవి పెరిగినకొద్దీ మా మంచం అవతలి గోడకి జరిగింది. పగలు కూడా ట్యూబులైటు వేసుకునే చదువుకునేదాన్ని. కాగితాలు ఎండుతున్న వాసన, వేపాకు వాసన, అమ్మ తడిజుట్టు వాసన. ఇప్పటికీ నాకు చదువు అంటే ఆ వాసనే.

కథలంటే పడిచచ్చే పిల్లని. నా చుట్టూ అన్ని కథలు ఉన్నాయి. ఒక్కటీ చదవడానికి లేదు. అట్టల మీద బొమ్మలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

పక్కింటి పిన్ని అమ్మతో అనేది: "మీ ఇంట్లో పుత్తకాలకి కవరున్నాది గాని మడుసులకి దోమతెర నేదు." అమ్మ నవ్వేసేది. ఒకసారి రెండు వీధుల అవతల గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు ఖాళీ అయిందని తెలిసి అమ్మ వెళ్లి చూసొచ్చింది. పెట్టెలు మోయించేటప్పుడు ఎన్ని మూలలు నలుగుతాయో పెదనాన్న ఆలోచించాడు. ఆ ఇంటి మాట మళ్లీ రాలేదు. అమ్మ కూడా ఎత్తలేదు. ఆయన చేసిన మేలు ముందు ఏం అడగాలన్నా మా ఇద్దరికీ నోరు వచ్చేది కాదు.

వానలు వెనక్కి తగ్గాక, దుకాణంలో చీరలకి మడత మార్చే రోజుల్లోనే ఇంట్లో పుస్తకాలకీ గాలి చూపించేవాడు. పెట్టెలు దించి, కింది పుస్తకం పైకి, పై పుస్తకం కిందికి మార్చేవాళ్లం. అప్పుడు ఒక పుస్తకాన్ని కవరు మీంచే నా వైపు తిప్పి అడిగేవాడు.

"ఇందల ఏటవుద్దో సెప్పు."

తెరవకుండా ఎలా చెప్పను? అట్ట చూసి అల్లేదాన్ని. ముసుగు మనిషి మేడ అంచున నిలబడితే, అతని చెల్లెలు ఆ మేడలో తప్పిపోయిందని చెప్పేదాన్ని. నీళ్లలోంచి చెయ్యి వస్తుంటే, అది రుషికుల్య నదిలో మునిగిపోయిన పల్లెలోని మనిషిదని చెప్పేదాన్ని. ఆయన చేతిలో పని ఆపకుండా వినేవాడు. ఆఖరికి, "బాగున్నాది. నోపల కూడా అదే ఉంటాది," అనేవాడు. నలుగురిలో నోరు విప్పలేని నేను అంత ధైర్యంగా కథ చెప్పింది ఆయన ఒక్కడికే. నాకు రాయడం ఏ మాత్రం వచ్చినా అది ఆ తెరవని పుస్తకాల ముందు కూర్చుని నేర్చుకున్నదే.

పెద్ద తుఫాను వచ్చిన ఏడు వీధంతా స్కూలు భవనానికి వెళ్లిపోయింది. పెదనాన్న మమ్మల్ని కూడా వెళ్లమన్నాడు. తను మాత్రం పెట్టెలు వదిలి రానన్నాడు. ఆయన్ని వదిలి వెళ్లలేక మేమూ ఉండిపోయాం. మధ్యాహ్నం గాలి మొదలయ్యేసరికి పెట్టెల మీద టార్పాలిన్ కప్పి, దాని మీద మా పరుపు కప్పి, ముగ్గురం వాటికి వీపు ఆనించి కూర్చున్నాం. ముందుగది రేకులు ఎగిరిపోతున్న చప్పుడు వినిపించింది. పెదనాన్న నా తల మీద చెయ్యి పెట్టి ఉంచాడు. రెండో చెయ్యి టార్పాలిన్ అంచు మీద ఉంది. ఆ గాలిలో ఆయన ఏది ముందు వదులుతాడా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. రెండూ వదల్లేదు.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఎమ్మే చదవాలని అడిగాను. అంతకుముందు నేను ఆయన్ని ఏదీ అడగలేదు. సీటు వచ్చింది. పెదనాన్న నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి పెట్టెలు చూపించాడు.

"ఇవన్నీ ఎవులివనుకున్నావు? నీ సదువుకే. ఒక్క ఏడు ఆగు తల్లీ. ధర వొస్తాది."

అప్పుడు తెలిసింది, ఆయన దగ్గర ఆ పెట్టెలు తప్ప ఇంకేమీ లేదని. ఆగాను. దగ్గర్లోని నర్సరీ స్కూల్లో టీచరుగా చేరాను. ఏడు తర్వాత ఇంకో ఏడు ఆగాను. సాయంత్రం వచ్చి మంచం మీద కూర్చుంటే ఎదురుగా నా చదువు గోడంత ఎత్తున పేర్చి ఉండేది. ముట్టుకోవడానికి లేదు.

చివరికి ఫోనులో వెతికి, పాత కామిక్సులు కొనే అతన్ని నేనే పట్టుకున్నాను. విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడు. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందుగదిలో తెల్లదుప్పటి పరిచి, దుకాణంలో కూర్చున్నట్టే కూర్చున్నాడు. మొదటి పుస్తకాన్ని రెండు చేతుల మీద అందించాడు. అతను చేతులకి గుడ్డ తొడుగులు వేసుకుని కవరు తీసి, అట్ట మీద చూసి తల ఊపాడు. తర్వాత అట్ట ఎత్తాడు.

"ఇక్కడేదో మరక పడిందండీ," అన్నాడు.

ఇంకోటి తీశాడు. దానికీ ఉంది. మూడోది తీశాడు. పెదనాన్న ముఖం వెలిగిపోయింది. అతను గమనించాడని సంతోషం.

"మరక కాదు బాబూ, పసుపు. అన్నిటికీ ఉన్నాది, సూసుకోండి. ఒక్కటి కూడా మర్సిపోనేదు."

అతను నా వైపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పాడు. చుక్క పడినా, గీత పడినా కొనేవాళ్లు దాన్ని కొత్తదిగా లెక్కపెట్టరని. పసుపు లేకపోయినా పెద్ద ధర వచ్చేది కాదని. ఆ రోజుల్లో అలాంటి వార్తలు చదివినవాళ్లందరూ ఇలాగే కొని దాచారని, అందరూ దాచినదానికి ధర ఉండదని.

తర్వాతి మాటలు పెదనాన్నకి వినపడలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

"పసుపెట్టకుండా అది కొత్తదెలగవుద్ది బాబూ?" అని అడిగాడు. వాదన కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

అతను టీ తాగి, పెదనాన్నకి దణ్ణం పెట్టి, ఉత్త చేతులతో వెళ్లాడు. పెదనాన్న మూడు పుస్తకాలనీ తిరిగి కవర్లలో పెట్టాడు. వేపాకులు సర్దాడు. పెట్టెలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ మర్నాటి నుంచి స్టేషన్ వైపు వెళ్లలేదు. నా చదువు మాట కూడా ఎత్తలేదు. అన్నం దగ్గర మాత్రం ఒకటి రెండుసార్లు నా వైపు చూసి ఏదో అనబోయి, నీళ్లు తాగేవాడు.

అందుకే ఆ గోటి పసుపు చూసి, మళ్లీ ఎందుకు కొన్నాడో నాకు అర్థం కాలేదు. దహనం అయ్యి ఇంటికి వచ్చాక అమ్మ చెప్పింది. కిందటి సాయంత్రం నేను స్కూలు నుంచి రాకముందు స్టేషన్‌కి వెళ్లొచ్చాడట. మూడు కాదు, ఒకే కాపీ తెచ్చాడట. కాళ్లు కడుక్కుని పసుపు పెట్టాడట. అమ్మ అలవాటుగా కవరు అందిస్తే వద్దన్నాడట.

"దీనికి కవరొద్దు. దాన్ని సదువుకోమను. మడత ఇరిగినా పర్నేదు," అని నా బల్ల మీద పెట్టాడట. నేను వచ్చి స్కూలు పుస్తకాలు దాని మీదే పడేసి, ఆ రాత్రి దాన్ని చూడనే లేదు.

పెద్దకర్మ అయ్యాక సిస్టర్‌తో మాట్లాడి పెట్టెలన్నీ కాన్వెంటు హాస్టలు పిల్లలకి పంపించాం. చివరి రిక్షా కదులుతుంటే అమ్మ నా పక్కన నిలబడి అంది: "ఇంకేటి సూస్తన్నావు? ఎల్లి సదువుకో. జీతం డబ్బు కొంత దాసినావు కదా. నాకేటి బయ్యం నేదు. మరి ఇప్పుడేటి అడ్డం?"

ఇన్నేళ్లూ అడ్డం అంటే పెట్టెలే అనుకున్నాను.

ఈ ఉదయం ఆ ఒక్క పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకున్నాను. సిస్టర్ నేర్పినట్టు వెన్ను ఆనించాను. అట్ట ఎత్తితే లోపల కింది మూలన పసుపు ఉంది. అటు నాలుగు కాగితాలు, ఇటు నాలుగు కాగితాలు. అక్షరాలు సరిగా చూద్దామని అలవాటుగా ట్యూబులైటు వేయడానికి లేచి, స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఆగాను.

అక్కర్లేదు. పెట్టెలు వెళ్లిపోయిన ఆ తూర్పు గోడకి ఒక కిటికీ ఉంది.