చెవులతో చూసిన దయ్యం

ఇది మామూలు కథ కాదు. ఇందులో ఒక దయ్యం ఉంది, పట్టపగలు గద్వాల పట్టణమంతా ఊపిరి బిగబట్టిన ఒక చీకటి ఉంది, మూడు వారాలు మంచం దిగని ఒక పిల్ల ఉంది, నా చేత జీవితంలో మొదటిసారి నిజం చెప్పించిన ఒక మహా భయం ఉంది. ఇంత చెప్పాక ఇప్పుడే ఒప్పుకోవడం మంచిది: ఇందులో నిజంగా ఉన్నది ఒక గోడ. అది కూడా మొన్ననే కూలగొట్టారు.

కూలగొట్టిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. జేసీబీ టాకీసు ముందు వైపు మొదటి దెబ్బ వేయగానే దుమ్ముతో పాటు ఒక వాసన మా ఇంట్లోకి వచ్చింది. నానిన సున్నం, గబ్బిలాల కంపు, వాటి అడుగున ఎన్నో ఏండ్లుగా ఇటుకల్లోకి ఇంకిపోయిన బీడీ పొగ. మా నాయిన మగ్గం మీంచి తలెత్తి, ముక్కు ఎగబీల్చి, "ఫస్టు షో ఇడిసినట్టుంది" అన్నాడు. ఆ టాకీసులో ఆట ఆడి పదేండ్లు దాటింది.

గోడ సంగతి చెప్పాలంటే ముందు నా నేరం ఒప్పుకోవాలి. తెలుగువాళ్ళంతా చూసిన సినిమాలు నేను చూడలేదు. అన్నదమ్ములు విడిపోయి చివరి రీల్లో కలిసేవి, కాలేజీలో మొదలై రైల్వే స్టేషన్లో ముగిసేవి, రెండు ఊళ్ళు కత్తులు పట్టుకుని ఒకదాని మీద ఒకటి పడేవి, ఒక్కటీ చూడలేదు. డైలాగులన్నీ వచ్చు. ఏ పాట అయిపోగానే ఎవరు ఎవర్ని తంతారో వచ్చు. మనుషుల ముఖాలే తెలియవు. ఇప్పుడు హైదరాబాదులో, ఆఫీసులో అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు "ఆ సీన్ యాదికుందా?" అని ఎవరన్నా అడిగితే, కండ్లు సగం మూసి, తల మెల్లగా ఊపి, "అబ్బ, ఆ సీన్..." అంటాను. అంతకంటే ఎక్కువ చెబితే దొరికిపోతానని పదకొండో ఏట నేర్చుకున్నాను. పుస్తకాలదీ ఇదే తీరు. హాస్టల్లో పక్క మంచం పిల్ల పైకి చదువుతుంటే విన్న ఒక లావుపాటి నవల మీద పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. దాని అట్ట ఏ రంగో ఇప్పటికీ తెలియదు.

మా మగ్గం అర్రకు, టాకీసుకు మధ్య ఒకటే గోడ. టాకీసు వెనక గోడే మా అర్ర పడమటి గోడ. దాని మీద, మా పెంకుల కప్పు కన్నా ఎత్తులో, సినిమా మిషన్ నడిపే గది ఉండేది. ఎండాకాలం ఆ గోడ రొట్టె పెనంలా కాలేది. వానాకాలం చెమ్మ పీల్చి, అవ్వ వీపు ఆనిస్తే రవిక వెనక సున్నం అంటుకునేది. చలికాలం మేమందరం గుంట మగ్గం చుట్టూ ముడుచుకుని కూర్చుంటే, జొన్నరొట్టె కాలే వాసన, పుంటికూరలో పడ్డ ఎల్లిపాయ వాసన, నూలుకు పట్టిన గంజి వాసన కలగలిసి ఉన్న ఆ చిన్న అర్రలోకి, గోడలోంచి, ఎవరో పెద్దింటి అమ్మాయి "నాన్నగారూ, నన్ను క్షమించండి" అని ఏడ్చేది. అమ్మ రొట్టె తిప్పుతూ, "క్షమించొద్దు, మల్ల గదే చేస్తది" అనేది. ఆ సినిమా అప్పటికి నలభైసార్లు విన్నది మరి.

టికెట్టు కొనాలన్న ఆలోచనే మా ఇంట్లో పుట్టలేదు. ఇంటికొచ్చేదాన్ని ఎదురుపోయి చూడటం ఏందని నాయిన లెక్క. ఆయన నేతంతా సినిమా మీదే నడిచేది. మ్యాట్నీ మొదలైనప్పుడు నూలు కండె పెట్టిన నాడె విసరడం మొదలుపెడితే ఇంటర్వల్ కల్లా జానెడు గుడ్డ పడాలి. తన్నులాటలు వస్తే ఆయనకు తెలియకుండానే కాలు జోరందుకుని నేత గట్టిగా పడేది, ఏడుపులు వస్తే వదులయ్యేది. మా చీరలు కట్టుకుని పెండ్లిళ్ళకు పోయిన ఆడవాళ్ళకు తెలియదు గానీ, వాళ్ళు కుచ్చిళ్ళు పోసుకున్నది రెండున్నర గంటల సినిమా. ప్రతి ఇరవై నిమిషాలకోసారి జనం ఒక్కసారిగా ఈలలేసి, కుర్చీలు తన్ని, అమ్మనక్కన తిట్టేవాళ్ళు. అవ్వ కండెలు చుట్టే రాట్నం ఆపి, "జనాలకు మస్తు నచ్చినట్టుందే" అని సంతోషపడేది. మేమూ అట్లాగే అనుకున్నాం.

ఆ ఏడు దసరా సెలవుల్లో, బజారునిండా సీతాఫలాల గంపలు దిగి, మా వాకిట్లో బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వు వాడిపోతున్న రోజుల్లో, టాకీసుకు దయ్యం సినిమా వచ్చింది.

మొదటి మ్యాట్నీ నాడు నేను గోడ పక్కన కూర్చుని, ఒక్కొక్క గింజా చప్పరిస్తూ సీతాఫలం తింటున్నాను. ఇంటర్వల్ ముందు గోడలోంచి ఒక కేక వచ్చింది. కేక అంటే తక్కువ చెప్పినట్టే. మా పిల్లి మళ్ళీ ఆ అర్రలోకి రాలేదు. కేకను నేను ఓర్చుకున్నాను. దాని తర్వాత వచ్చిందే ఓర్చుకోలేకపోయాను: ఏమీ రాలేదు. పాట లేదు, మాట లేదు, ఈల లేదు. అయిదారు వందల మంది ఉన్న టాకీసులో ఒక్క దగ్గు లేదు. నిమిషంపాటు అంతే. ఆ నిమిషం మధ్యలో, ఎక్కడో పైన, ఇనుము ఇనుముకు తగిలినట్టు ఖణ్ మని ఒక్క చప్పుడు. నాయిన నాడె చేతిలోనే ఆగిపోయింది. అవ్వ గోడకానిన వీపు తీసేసింది. ఆ తర్వాత మళ్ళీ మాటలు మొదలయ్యాయి గానీ నా నోట్లో సీతాఫలం గింజ ఏమైందో నాకు తెలియదు. మింగేసి ఉంటాను.

మిగతా సినిమాల్లో ముఖాలు తెలియకపోయినా నష్టం లేదు, మాటలున్నాయి. ఇక్కడ మాట కూడా లేదు. ఆ నిమిషంలో తెర మీద ఏం జరుగుతోందో టికెట్టు కొన్నవాళ్ళందరికీ తెలుసు, నాకు తెలియదు. చూసిన దయ్యానికి ఒక ఎత్తూ లావూ ఉంటాయి. నాది గోడంత ఉండేది.

సెలవులయ్యాక బడికి పోతే అందరూ నా చుట్టూ మూగారు. ఇక్కడ నా హోదా చెప్పాలి. నేను చదువులో నడిమిదాన్ని, ఆటల్లో చివరిదాన్ని. కానీ టాకీసు వెనకింటి పిల్లను కాబట్టి ప్రతి సినిమా చూస్తానని అందరి నమ్మకం. నేను కాదనలేదు. అన్నం బెల్లు కొట్టగానే వేపచెట్టు కింద నా పక్కన కూర్చోవడానికి పోట్లాటలు జరిగేవి. మంజుల అనే పిల్ల తన డబ్బాలోని పల్లి లడ్డు సగం విరిచి, రోజూ నా కోసం దాచేది. సినిమాలు పోతే నాకు లడ్డూ లేదు, మంజులా లేదు, చెట్టు నీడ కూడా లేదు.

"ఆ నిమిషంల ఏమైతదే?" అని మంజులే అడిగింది. వాళ్ళు ఇంకా పోలేదు, పోయొచ్చినవాళ్ళు చెబితే విన్నదే, ఆదివారం పోతున్నారట.

తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను. ఇట్లా వచ్చింది: "దయ్యం తెర దిగి కిందికొస్తది. కాలికి ఇనుప కడియముంటది. టాకీసుల కూసున్నోళ్ళను లెక్కపెడ్తది. ఎవరు కండ్లు మూస్కుంటరో ఆల్ల ఎంట ఇంటికి పోతది."

ఎవరూ అన్నం ముట్టలేదు. అప్పటికే సినిమా చూసొచ్చిన ఇద్దరు పిల్లలు తెల్లబోయి ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. "అవ్, తెరంత నల్లగైతది. ఖణ్ మంటది. మేం కండ్లు మూస్కున్నం" అని ఒకతి ఏడుపు మొదలుపెట్టింది. నేను మంజుల ఇచ్చిన లడ్డు తిన్నాను. కమ్మగా ఉండింది.

సోమవారం మంజుల బడికి రాలేదు. మంగళవారం వాళ్ళమ్మ వచ్చి, బడి గేటు దగ్గర నిలబడి, "నా బిడ్డకు దయ్యం కత జెప్పిందెవతె? ఒళ్ళు కాలిపోతుంది, కడియం కడియం అని కలవరిస్తుంది" అని అందరి ముందు అడిగింది. నేను నీళ్ళ కుండ వెనక్కి పోయాను. ఆ రోజు నుంచి సాయంత్రం ఫస్టు షో మొదలైతే నేను మగ్గం అర్రలోకి పోలేదు. అయినా వంటింట్లోకి కేక వినబడేది, తర్వాత ఏమీ వినబడకపోవడం కూడా వినబడేది. కండ్లు మూసుకుంటే లెక్కపెడుతుందని నేనే చెప్పాను కాబట్టి కండ్లు మూసుకోవడానికి లేదు. కండ్లు తెరిచి, మండే పొయ్యిని చూస్తూ, చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. అమ్మ నాకు కండ్లకలక అనుకుని మందు వేసింది.

అప్పట్లో మా తరగతిలో ఒక కొత్త పిల్ల ఉండేది, షబానా. ఆమె నాయిన ఖాదర్ వనపర్తి నుంచి వచ్చి మా టాకీసులో మిషన్ ఆపరేటర్‌గా చేరి నెల కూడా కాలేదు. కథ చెప్పిన రోజు అందరూ వణుకుతుంటే ఆమె ఒక్కతే రొట్టె నములుతూ నన్ను చూసింది. ఆ చూపు యాదికొస్తే నాకు దయ్యం నయమనిపించేది. బుధవారం నల్లా దగ్గర నన్ను పట్టుకుంది.

"నువ్వు సినిమా సూడలే కద?"

"సూసిన."

"దయ్యం సీర ఏం రంగు?"

"తెల్లది."

షబానా నవ్వలేదు. "ముదురు పచ్చ, ఎర్ర అంచు. గంత పెద్ద జరీ కొంగు. సాలోల్ల పిల్లవు, సీర గుర్తుపట్టవానె?"

భూమి చీలితే దూరిపోదును గానీ నల్లా దగ్గర సిమెంటు ఉండింది. "ఎవ్వరికి చెప్పకు షబానా" అన్నాను.

"చెప్ప. గాని గా లెక్కపెట్టుడు కత ఉన్నది సూడు, గది అబద్దమని నువ్వు గూడ ఎవ్వరికి చెప్పకు."

"ఎందుకే?"

"ఊకెనే" అని నీళ్ళు తాగి పోయింది.

నా పరువు కాపాడే బేరం దొరికింది. సంతోషపడాలి. కానీ మంజుల జ్వరం దిగలేదు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు, దిష్టి తీసి మిరపకాయలు కాల్చారు, ఘాటు రాలేదని వాళ్ళమ్మ ఇంకా ఏడ్చింది. నా కథ వల్ల ఒక పిల్ల చచ్చిపోతుందని నాకు ఖాయమైంది. ఆమె డబ్బా, సగం విరిచిన లడ్డు, అవే కండ్లముందు. పదో రోజు బడి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయాను. మంజుల నులక మంచం మీద పప్పు బద్దంత అయి ఉంది. గడపలోనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్క ఊపులో చెప్పేశాను: నేను ఆ సినిమా చూడలేదు, ఏ సినిమా చూడలేదు, అన్నీ గోడలోంచి విన్నవే, కడియం నేను కల్పించిందే, దయ్యం ఎవరి ఎంట పోదు.

మంజుల మోచేయి మీద ఆని సగం లేచింది.

"నువ్వు సూడలే గద?"

"సూడలే."

"మరి నీకేం తెల్సు? నేను ఆడ కూసున్న. సీకటయింది. ఖణ్ మన్నది. నేనిన్న."

పదకొండేండ్లలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని, చూడలేదన్న కారణంగా కొట్టేశారు. పైగా టికెట్టు కొని కూర్చున్న మనిషే ఉందని చెబుతోందంటే ఉన్నట్టే కదా. పోయేటప్పుడు ఒక్కరిని భయపెట్టిన పాపమే ఉండె, వచ్చేటప్పుడు దయ్యం కూడా నిజమై నా ఎంట వచ్చింది. ఇంటికి పరుగెత్తాను. ఇంటికి పోవడమంటే ఆ గోడకే పోవడం అని సగం దారిలో గుర్తొచ్చింది. బస్టాండు దగ్గర కాసేపు ఏడ్చాను. ఒక ఆటో ఆయన అలంపూర్ పోవాలా అని అడిగాడు.

మంజులకు దవాఖానలో నెత్తురు పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. మూడు వారాలకు కోలుకుని, జుట్టు పలచబడి, మెడలో తాయెత్తుతో బడికొచ్చింది. నేను ఒప్పుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు, నమ్మితే కదా చెప్పడానికి. మళ్ళీ లడ్డు సగం ఇచ్చింది. దయ్యం సినిమా ఇంకో పది రోజులు ఆడి పోయింది. నేను కథలు చెప్పడం మానలేదు. అయితే అప్పటి నుంచి షబానా నా పక్కన కూర్చుని చీరల రంగులు అందించేది. గుడ్డలో చుట్టినట్టు ఆ భయాన్ని లోపల పెట్టుకుని పెద్దదాన్నయ్యాను. ఇప్పటికీ టాకీసులో దీపాలు ఆర్పుతారంటే చాలు, నాకు ఆ నిమిషమే గుర్తొస్తుంది. అందుకే పోను. సినిమాలు చూడకపోవడానికి అసలు కారణం ఇదని ఆఫీసులో ఎట్లా చెప్పాలి?

గోడ కూలిన రోజు షబానా కూడా వచ్చింది. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో నర్సు. ఖాదర్ చాచాను ఆటోలో వెంటబెట్టుకొచ్చింది. ఆయనకు చూపు తగ్గింది, టాకీసు పోతుంటే దగ్గర ఉండాలని పట్టుబట్టాడట. ముగ్గురం ఇటుకల కుప్ప ముందు నిలబడ్డాం. మిషన్ గది గోడతో పాటు కిందికొచ్చింది. ఆ మన్నులోంచి తుప్పు పట్టిన గుండ్రటి రేకు డబ్బా ఒకటి దొర్లింది. చాచా వంగి, చేత్తో తడిమి, దాని మూత తీసి మళ్ళీ వేశాడు.

ఖణ్.

నేను రెండడుగులు వెనక్కి పోయాను. "చాచా, ఇదేంది?"

"రీలు డబ్బా బిడ్డా. రెండు మిషన్లుండాలె, ఒక రీలు అయిపోంగనే రెండోది షురూ చెయ్యాలె. మనకాడ ఒకటి కరాబుండె. అందుకే రీలు రీలుకు సీకటి. జనం ఈలలు, తిట్లు, మా అమ్మను గూడ ఇడువకపోతుండ్రి."

మా అవ్వ సంతోషపడిన ఈలలు.

షబానా అందుకుంది. "గా దయ్యం సినిమాల ఆ కేక కాడికి రీలు అయిపోయేది. జనం సినిమానే అట్ల ఉందనుకునిరి. నీ కత ఊరంత పాకినంక ఇంక ఎవ్వడన్న ఈల ఏస్తడా? దినాం నాలుగు ఆటలు, మా అబ్బా తిట్లు తినకుండ మార్చిన రీలు గదొక్కటే. అందుకే చెప్పొద్దంటి."

చాచా డబ్బా మూతను నిమురుతూ, "ఒక్క తిట్టు లేకుంట, ఇజ్జత్‌తోని మార్చిన" అన్నాడు.

అయిదారు వందల మంది ఊపిరి బిగబట్టింది, మంజుల కలవరించింది, నేను ఇరవై ఏండ్లు ఏ టాకీసు గడపా తొక్కనిది, ఒక మనిషి డబ్బా మూత పెట్టడానికి. ఆ స్థలంలో పత్తి విత్తనాల గోదాము కడుతున్నారు. మా అర్రకు పడమట ఇప్పుడు తడకే. ఆటలు ఆగినా పదేండ్లుగా ఆ గోడను చూస్తూ పాత సినిమాల లెక్కనే నేసిన నాయిన ఇప్పటికే రెండుసార్లు నాడె జారవిడిచాడు, ఇక దేన్ని బట్టి నేయాలో తెలియట్లేదట. ఆ సినిమా ఇప్పుడు ఫోన్లో ఊరికే దొరుకుతుంది. నేను ఇంకా చూడలేదు.

"ఆ రెండో మిషన్‌కు ఏమైంది చాచా?" అని అడిగాను.

"బెల్టు తెగింది" అన్నాడు. బెల్టు కర్నూలులో దొరుకుతుంది. గద్వాల నుంచి బస్సులో గంటన్నర.