ద్రాక్ష పైకి తేలేదాకా

డ్రైవరత్త పోయిందని నాయన రాసిన కార్డు మొన్న హిందూపురం హాస్టలుకు వచ్చింది. పెనుకొండలో, నిద్రలోనే పోయిందట. నాకు కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. చివరిచూపుకు వెళ్ళలేకపోయిన నేను ఈ నాలుగు మాటలైనా రాసుకుంటున్నాను.

ధర్మవరం రైల్వే క్వార్టర్సులో ఆమె మా పక్కింటి ఇంజను డ్రైవరు భార్య. ఎండాకాలం జింజర్ బీరు చేసేది. పేరుకే బీరు. దొరల బంగళాలో వంట చేసిన వాళ్ళవ్వ దగ్గర నేర్చుకుందట. అల్లం, చక్కెర, నిమ్మరసం కలిపిన నీళ్ళలో, పాలకు వేసినట్టు, తను దాచుకున్న పులిసిన అల్లం తోడు వేసేది. సీసాల్లో పోసి, ఒక్కోదానిలో ఒక ఎండు ద్రాక్ష జారవిడిచి, బిరడాలు దారంతో బిగించి తడి ఇసుకలో నిలబెట్టేది. అడుగున పడిన ద్రాక్ష రెండో రోజో మూడో రోజో పైకి తేలేది. అంతవరకూ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

"తేలకముందు తాగితే ఉత్త పానకం. తేలినంక నిలవ పెడితే నిషా ఎక్కుతాది. తేలిన పొద్దే తాగల్ల పాపా," అనేది.

తొమ్మిదో తరగతిలో నేను దాని మీద వ్యాసం రాశాను. నురుగునూ ఘాటునూ వర్ణించి, చివర "తల గిర్రున తిరిగి, ఒళ్ళు గాలిలో తేలింది" అని చేర్చాను. వ్యాసం బడి గోడపత్రికకు ఎక్కింది. అవి మద్యనిషేధం రోజులు. వారం తిరక్కుండా, ఆ మాట చెవిన పడి, ఒక ఎక్సైజు జవాను అత్త గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇంట్లో సరుకు తయారవుతాండాదంట?"

"అల్లం నీళ్ళప్పా. ఎల్లుండి రా, నీకూ ఒక గ్లాసు పోస్తా."

"నాకెందుకులేమ్మా. మా ఇన్‌స్పెక్టరు వచ్చి తాగుతాడు."

పన్నెండు సీసాలకూ లక్క సీలు వేసి పోయాడు. కేసు పడితే డ్రైవరు మామ ఉద్యోగం పోతుంది.

మూడో రోజు ద్రాక్షలన్నీ తేలాయి. ఇన్‌స్పెక్టరు రాలేదు. నాలుగో రోజు పొద్దున కూడా రాలేదు. అత్త గడియకోసారి ఇసుక మీద నీళ్ళు చల్లుతూ అక్కడే కూర్చుంది. సీలు తెంచితే నేరం. ఇంకా ఆలస్యమైతే సీసాల్లో నిజంగానే మత్తు పుడుతుంది.

ఇక ఆగలేక వ్యాసం సంగతి చెప్పేశాను.

"నీకు తల తిరిగినాదా?"

"లేదత్తా."

"మరి ఏంటికి రాస్తివి?"

"మాట బాగుందని."

చేతిలోని నీళ్ళ చెంబు కింద పెట్టింది. "మాట బాగుంటే సరిపోతాదా పాపా? మీ మామ ఇంజనెక్కల్ల కదా. పో, ఆ మాట ఆడ చెప్పు."

నాయన వెంట ఎక్సైజు ఆఫీసుకు పోయి, ఆ మాట నేను కల్పించిందేనని చెప్పాను. ఇన్‌స్పెక్టరు ఆ సాయంత్రమే వచ్చాడు. లక్క పగలగొట్టగానే బిరడా ఎగిరి ఆయన టోపీకి తగిలింది. ఎవరూ నవ్వలేదు. వాసన చూశాడు, ఒక గుక్క తాగి దగ్గాడు. "అల్లం బాగా దంచినారమ్మా," అని, కేసు లేదని రాసిచ్చి వెళ్ళాడు.

అత్త నన్ను కోప్పడలేదు. ఒక గ్లాసు పోసి, "ఎట్లుండాదో ఉండేది ఉండేట్టు చెప్పు," అంది.

"ముక్కు మండుతాంది అత్తా. ఇంగొంచెం పోయ్."

నాలుగు రోజుల్లో అప్పుడే నవ్వింది. కానీ వాళ్ళవ్వ నాటి ఆ తోడును ఆ రాత్రే పారబోసింది. మళ్ళీ ఎన్నడూ చేయలేదు. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసు.

మరునాడు పొద్దున అత్త పెరట్లో ఖాళీ సీసాలు కడుగుతుంటే, వెనక పట్టాల మీద మామ బండి పెనుకొండ వైపు కదిలింది. ఆయన ఇంజనులోంచి తొంగిచూశాడు. అత్త తడిచేయి పైకెత్తింది. నీళ్ళు మోచేతిదాకా కారుతున్నా, పొగ పలచబడేవరకూ ఆ చేయి దించలేదు.