మూతపడిన క్వారీలో నలభై దెబ్బలు

ఈ పొద్దున కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఇంట్లోని చప్పుళ్ళన్నీ అణిగాక మిగిలిన నిశ్శబ్దం చెవికి బరువుగా తగిలింది. అలాంటి నిశ్శబ్దంలో కూర్చోవడం నాకు నేర్పింది రహీమా. నాకంటే ఇరవై రెండేళ్ళు చిన్నది. పిడుగురాళ్లలో రేడియోలు బాగుచేసేవాళ్ళ అమ్మాయి. గాలి, నీళ్ళు, పురుగులు, రాళ్ళు చేసే చప్పుళ్ళను రికార్డు చేసి, వాటిని ఒకచోట కూర్చి, చీకటి గదిలో జనానికి వినిపించేది. లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఆమె నోటుబుక్కు నేను రాసేదాన్ని: తేదీ, గంట, చోటు, ఏం వినపడింది, ఎన్నిసార్లు. రికార్డు మిషన్‌లో ఉన్నదీ పుస్తకంలో ఉన్నదీ సరిపోవాలి. ఆ నియమం నేను పెట్టిందే.

ఒక వేసవి మధ్యాహ్నం మూతపడిన సున్నపురాయి క్వారీలోకి దిగాం. మనుషులెవరూ లేరు. అడుగున పచ్చటి నీళ్ళు. మిషన్ పెట్టి చెరోపక్క కూర్చున్నాం. కాసేపటికి ఎదుటి రాతిగోడ లోపలినుంచి సమ్మెట దెబ్బలు వినిపించాయి. నాలుగు దెబ్బలు, కాస్త ఆగడం. మళ్ళీ నాలుగు. అలా పదిసార్లు. నలభై అని రాసుకున్నాను. సాయంత్రం ఇంట్లో రికార్డు వింటే గాలి ఉంది, నీళ్ళున్నాయి, దెబ్బ ఒక్కటీ లేదు.

"నీకు వినపడిందా?" అన్నాను.

"లేదు టీచరమ్మా."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క మార్కు తేడా రానివ్వలేదు. ఈ పేజీ అబద్ధమైతే వెనకటి పేజీలను మాత్రం ఎవరు నమ్ముతారు? ఆ నలభైని కొట్టెయ్యబోతే ఆమె నా పెన్ను పట్టుకుంది.

"ఏందిది, పరీక్ష పేపరనుకున్నారా? కొట్టేస్తే మీరు వినలేదని అబద్ధం రాసినట్టే."

"మిషన్‌లో లేదుగా."

"మిషన్‌కి వినపళ్ళేదని ఒక గడిలో రాయండి. మీకు వినపడిందని ఇంకో గడిలో రాయండి. గీత గియ్యడం మీకు చానా ఇష్టమేగా."

ఆ రికార్డును ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా, రహీమా నరసరావుపేటలో ఒక హాల్లో జనానికి వినిపించింది. దెబ్బల మాట ఇద్దరం ఎవరితోనూ అనలేదు. లైట్లు వెలిగాక వెనకవరసలోంచి ఒక ముసలావిడ మా దగ్గరికి వచ్చింది. పేరు కోటమ్మ, ఆ క్వారీలో రాళ్ళు మోసిన మనిషి.

"ఆ సమ్మెట కొట్టింది ఎవరమ్మా? నాలుగేసి కొట్టి ఆగేది మా ఆయనే. గోడ కూలి ఆ గుంటలోనే పోయాడు."

రహీమా నావైపు చూసింది. కోటమ్మకు చదువు రాదు. పుస్తకం తెరిచి, నలభై అని చదివి వినిపించాను.

"రాయి పగలాలంటే ఎనభై కొట్టేవాడు. సగమే అయింది," అంది కోటమ్మ. ఏడవలేదు.

రహీమా జబ్బుచేసి పోయి మూడేళ్ళు. పుస్తకం నా దగ్గరే ఉంది, రెండు గళ్ళతో. మొన్న కోటమ్మ అడిగితే ఆటోలో ఆమెను క్వారీకి తీసుకెళ్ళాను. గట్టుమీద కూర్చున్నాం. నాకు గాలి తప్ప ఏమీ వినపడలేదు. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని మోకాలిమీద వేలితో నాలుగేసి కొడుతూ, ఆగుతూ, మళ్ళీ కొడుతూ ఉంది. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. చాలాసేపటికి వేలు ఆగింది.

"అయిపోయింది. ఇక పోదాం పద," అంది.

కొత్త పేజీలో రెండు గళ్ళు గీసి, నా గడిలో సున్నా వేశాను. కోటమ్మ గడిలో నలభై రాశాను.