ఎదురుబండి నంబరు

రత్నస్వామి అన్న గురించి తిరుత్తణిలో ఎవరినైనా అడిగి చూడండి. సగం మంది ధర్మరాజంటారు, సగం మంది కసాయి అంటారు. రెండూ తప్పే. ఆయన ఆవడి ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తా. బక్కపలచని మనిషి, ముక్కుపొడుం అలవాటు, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి, అందులో అలమేలు వదిన కట్టిచ్చిన పెరుగన్నం. కాగితం మీద సంతకం లేకపోతే సొంత బావమరిదికైనా ఒక్క నట్టు ఇచ్చేవాడు కాదు. ఎనభయ్యేడులో రిటైరయ్యేదాకా అంతే.

ఆయన చేసిన ఘనకార్యం ఒకటే. పొద్దున ఆరు పది ప్యాసింజర్లో, వెనకనుంచి మూడో పెట్టెలో, తిరుత్తణి నుంచి ఆవడి దాకా పదకొండేళ్లు ఒకే ఆట నడిపాడు. ఆ ఆటలో పోయిన ఒక మనిషి కోసం ఒకరోజు పెట్టె పెట్టెంతా ఆయన మీదికి లేచింది. ఆ రోజు అబద్ధం చెప్పింది నేనే కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకుంది.

మొదట్లో మేమంతా పేకాడేవాళ్లం. డెబ్బయ్యారులో రైల్వే పోలీసులు పట్టుకుపోయి అరక్కోణంలో పగలంతా కూర్చోబెట్టారు. మర్నాడు పేక లేదు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆవలిస్తున్నాం. అప్పుడు రత్నస్వామి పొడుం పీల్చి అడిగాడు.

"మన పెద్దోళ్లు రాయలవారి కాలంలో ఈ పక్కకు కత్తులు పట్టుకోని వచ్చినారంట గదా. మీరు ఆ పొద్దు ఉండుంటే యా పని చేసుందురు?"

ఒకడు గుర్రాలు చూస్తానన్నాడు. వెల్డర్ మునుస్వామి గజదొంగనవుతానన్నాడు. నేను కోటగేటు కావలి అన్నాను. ఆ పూటే మా ఆట రాజ్యం, ఎర్రకోన పాళెం, పుట్టింది. ఏం జరుగుతున్నదో రత్నస్వామి చెప్పేవాడు. మా మనిషి ఏం చేస్తాడో మేం చెప్పేవాళ్లం. చేసింది పారిందా లేదా అన్నది మాత్రం ఎదురుబండి చెప్పేది. పాచికలు వేస్తే మళ్లీ పోలీసులు. అందుకని ఎదురుగా వచ్చే బండి ఇంజను మీద నంబరు చూసి, దాని చివరి అంకె తీసుకునేవాళ్లం. అయిదూ ఆపైన అయితే బతుకు. నాలుగూ ఆ లోపలైతే చావు.

నంబరు చూసేది నేను. ఫ్యాక్టరీలో నా పని కొలతల గేజులు సరిచూడడం, వెంట్రుకవాసి తేడా పట్టే కళ్లు. ఆ కళ్ల పుణ్యాన కిటికీ సీటు నాది. ఆ సీటు చూసి ఎంతమంది కుళ్లుకున్నారో మురుగన్‌కే ఎరుక.

ఇక చావు సంగతి. మొదటి ఏడాదిలోనే మునుస్వామి గజదొంగ ఏనుగు కింద పడి పోయాడు. వాడు కడంబత్తూరు దాకా బతిమాలాడు, తిరువళ్లూరు దాకా అలిగాడు. పాపం పోనీ అని రత్నస్వామి మూలికలవాడితో ఆ దొంగను బతికించాడు. అంతే, కొంప మునిగింది. మర్నాటి నుంచి అందరూ కోటగోడల మీదనుంచి దూకేవాళ్లే, అందరూ పులి నోట్లో తల పెట్టేవాళ్లే. మూలికలవాడు ఉన్నాడు గదా! పది రోజుల్లో ఎవరికీ దేనికీ భయం లేకుండా పోయింది. రత్నస్వామి కథ చెబుతుంటే సగం పెట్టె గురక పెట్టింది. ఆయన సంచి మూసి, రెండు నెలలు నోరు విప్పలేదు.

మళ్లీ మొదలుపెట్టిన రోజు ఒకే మాట చెప్పాడు.

"ఇంక చచ్చినోడు చచ్చినట్టే. ఆ పేరు మళ్లా ఈ పెట్టెలో వినపడకూడదు. వాణ్ని ఆడించినోడు మూడు పొద్దులు నోరు మూసుకోని కూచోవల్ల. నాలుగో పొద్దు కొత్త మనిషితో రావల్ల. ఇష్టమైతే కూచోండి, లేదంటే పక్క పెట్టె ఉండాది."

ఒక్కడు కూడా పక్క పెట్టెకు పోలేదు.

తంగరాజు ఎనభైలో మాతో చేరాడు. ఫ్యాక్టరీలో అప్రెంటిస్, ఇరవై రెండేళ్లవాడు, నవ్వితే పెట్టె చివరిదాకా వినపడేది. వాళ్లన్న వాసుదేవ లేత్ మిషను మీద పని, మాట తక్కువ. అన్నదమ్ములిద్దరూ ఒకే సైకిల్ మీద స్టేషనుకు వచ్చేవాళ్లు. తంగరాజు మనిషి పేరు ఓబన్న, పాళెగాడి వేగులవాడు. గోడలెక్కడం, గడ్డివాముల్లో దూరడం, శత్రువు గుడారంలో అన్నం తిని రావడం. ఓబన్న వంతు వస్తే పక్క పెట్టెవాళ్లు కూడా వచ్చి నిలబడి వినేవాళ్లు.

ఆ ఏడాది పురట్టాసి నెలలో, సెప్టెంబరు చివర, తంగరాజుకు పచ్చకామెర్లు ముదిరాయి. మద్రాసు ఆసుపత్రిలో పెట్టారు. మేం వంతులేసుకుని తోడు కూర్చున్నాం. ఆఖరి పూట పక్కనున్నది రత్నస్వామి. వాసుదేవ ఆ పూట షిఫ్టుకు పోయాడు, తమ్ముడికి ఏమీ కాదని మొండి నమ్మకం. కబురు తెలిశాక కూడా మిషను ఆపలేదు. శ్మశానానికి రాలేదు. వాళ్ల చిన్నాయన కొరివి పెట్టాడు.

పదో రోజు పెట్టెలోకి వచ్చి వాసుదేవ అన్న మాట ఇది: "ఓబన్న నా తమ్ముడి మనిషి. ఇంకమీద నేను ఆడతా."

ఎవరం కాదనగలం? రత్నస్వామి ఆసుపత్రి సంగతి చెప్పబోతే మాత్రం వాసుదేవ లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడేవాడు. రెండుసార్లు చూసి ఆయన మానుకున్నాడు. ఓబన్న మాత్రం గోడలెక్కుతూనే ఉన్నాడు, అచ్చం తంగరాజు గొంతుతో, తంగరాజు కొంటెతనంతో. వినేవాళ్లకు ఒళ్లు జలదరించేది.

వాళ్లింట్లో ఏం జరుగుతున్నదో నాకు మరుసటి ఏడాది మురుగన్ పండగ, ఆడి కృత్తికకు గాని తెలియలేదు. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది తిరిగేదాకా కొండెక్కరు. మా పక్క చంటిబిడ్డకు కూడా తెలిసిన కట్టుబాటు అది. వాసుదేవ ఆ ఆడి కృత్తికకు కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండెక్కాడు. చూసినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. "మా ఇంట్లో ఎవురు సచ్చినార్రా?" అని వాళ్ల మీద విరుచుకుపడ్డాడట.

తర్వాత సెప్టెంబరులో ఒక సాయంత్రం వాళ్లమ్మ వజ్రమ్మ నన్ను పిలిచింది. కొండమెట్ల దగ్గర టెంకాయలు, కర్పూరం అమ్ముతుంది. కొడుకు పోయాక కొండ మీదికి తలెత్తి చూడకుండా మెట్లకు వీపు పెట్టి కూర్చునేది.

"మునికృష్ణా, ఇట్ట రా నాయనా. వచ్చే ఆదివారం నా బిడ్డకు సంవత్సరీకం. పెద్దోడు గుండు కొట్టించుకోని కూచోనంటాండాడు. వాడు చావలేదంటాడు. ఇంటికొచ్చి, 'మా, తమ్ముడు ఇయ్యాల కోట గోడ దాటినాడు' అని చెప్తాడు నాకు. దినమూ వాడికి తట్ట పెట్టి కూడు ఎయ్యమంటాడు. నేనేస్తాండా. ఎన్ని దినాలెయ్యల్ల?"

ఆమె టెంకాయల పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"ఆ గుమాస్తయ్యను అడిగినా, మీ ఆటలో వాణ్ని సంపేయి సామీ అని. 'సంపేదానికీ బతికించేదానికీ నేనెవురమ్మా, అంతా బండి నంబరు' అన్నాడు. నంబరు సూసేది నువ్వంట గదా. నా బిడ్డకు నీళ్లు ఇడిసే దారి సూపించు. సావు నంబరు సెప్పు నాయనా."

కన్నతల్లి నోట ఆ మాట వింటే ఏం చేస్తారు? నేను సరేనన్నాను. చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను.

బుధవారం పొద్దున బండి మణవూరు దాటింది. ఓబన్న శత్రువు కోటలో చిక్కాడు. లోపల పాళెగాడి బిడ్డ బందీగా ఉంది. కింద కందకం, వెనక పదిమంది కత్తులు దూసి వస్తున్నారు.

"గోడ దిగి ఒంటిగా వచ్చేస్తే గండం లేదు. బిడ్డను ఎత్తుకోని దూకితే నంబరు చూడవల్ల," అన్నాడు రత్నస్వామి.

"వచ్చేయమను వాసు, బిడ్డను రేపు చూసుకుందాం," అన్నాడు మునుస్వామి. పెట్టెలో అందరూ అదే పాట.

రత్నస్వామి వాసుదేవను మెల్లిగా అడిగాడు. "మీ తమ్ముడైతే ఏం చేసుండును?"

"దూకుండును."

"అయితే?"

"దూకుతాడు," అని వాసుదేవ లేచి తలుపు దగ్గరికి వెళ్లి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ పొద్దు ఎదురుబండి ఎంతకీ రాలేదు. మా బండి సిగ్నల్ లేక కడంబత్తూరు బయట ఆగిపోయింది. ఎవరూ టిఫిన్ డబ్బా తెరవలేదు. మునుస్వామి గోళ్లు కొరుకుతున్నాడు. ఏ నంబరు వచ్చినా చావు నంబరు చెప్పాలి, మాటిచ్చాను. తప్పో ఒప్పో తల్లి అడిగింది. అయిదొచ్చినా రెండనాలి, తొమ్మిదొచ్చినా ఒకటనాలి. నాలుక మీద రెండును సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను.

కూత వినబడింది. ఇంజను నా కిటికీ ముందునుంచి దడదడమని దూసుకుపోయింది. చివరి అంకె స్పష్టంగా చూశాను. మూడు. అబద్ధం ఆడే పనే లేదు, చావు నంబరు తానే నడిచొచ్చింది. ఉన్నదున్నట్టు చెబితే చాలు.

"ఎనిమిది!" అన్నాను.

ఎందుకన్నానో ఈ రోజుకీ నాకు తెలియదు. తంగరాజు నవ్వు చెవిలో మోగింది, అంతే. పెట్టెంతా ఈలలు, చప్పట్లు. మునుస్వామి నన్ను వాటేసుకున్నాడు. అంత సంబరంలోనూ తలుపు దగ్గరనుంచి వచ్చిన మాట అందరికీ వినబడింది.

"మూడు అన్నా. నేనూ చూసినా."

ఈలలు ఆగిపోయాయి. వాసుదేవ మొహంలో నెత్తురు లేదు.

"ఒరేయ్, గేజులు చూసే కండ్లురా అవి! నీకేం తెలుసు?" అని అరిచాడు మునుస్వామి. "ఎనిమిదంటే ఎనిమిదే. అన్నా, ఎనిమిదని చెప్పు. ఆట గదా ఇది, ఒక్క అంకెతో ఎవురి తల పోతాది?"

రత్నస్వామి నా వైపు తిరిగాడు. "మునికృష్ణా, ఏం చూసినావు?"

పెట్టెలో ముప్పై మంది కళ్లు నా మీద ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"మూడే అన్నా."

రత్నస్వామి పొడుం డబ్బీ తీశాడు. పీల్చకుండానే మళ్లీ మూశాడు. "ఓబన్న పోయినాడు," అన్నాడు.

అప్పుడు లేచింది గోల. "నువ్వు మనిషివా కసాయివా? కన్నోళ్లు పోగొట్టుకున్న బిడ్డను మళ్లా సంపుతావా?" అని మునుస్వామి ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు ఆయన సంచి లాగి విసిరేశాడు, పెరుగన్నం నేలపాలైంది. రత్నస్వామి చేతులు అడ్డం పెట్టలేదు. మాట కూడా మార్చలేదు.

వాసుదేవ వచ్చి మునుస్వామి చెయ్యి విడదీశాడు. రత్నస్వామి ఎదురుగా, ఆ ఒలికిన అన్నం పక్కనే, కింద కూర్చున్నాడు.

"ఎట్ట పోయినాడన్నా?" అన్నాడు. "నువ్వు చెప్పు. నేను ఆ పొద్దు లేను."

ఎవరి గురించి అడుగుతున్నాడో పెట్టెలో అందరికీ అర్థమైంది. రత్నస్వామి చెప్పాడు.

"ఒంటిగా పోలేదు నాయనా. నా ఒళ్లో తల పెట్టుకోనుండినాడు. మధ్యాన్నం రెండు గంటలు. దప్పికంటే స్పూనుతో నీళ్లు పోసినా. నొప్పి లేదన్నాడు. 'అన్న యాడ?' అని అడిగినాడు. షిఫ్టుకు పోయినాడన్నా. 'మంచిదే, చూస్తే తట్టుకోలేడు, పిరికోడు' అని నవ్వినాడు. ఆ నవ్వుతోనే పోయినాడు."

వాసుదేవ తల ఆయన మోకాళ్ల మీద పడింది. ఏడాదిగా ఆపుకున్న ఏడుపది. మగవాడు అట్లా ఏడవగా నేనెన్నడూ వినలేదు. తిరువళ్లూరులో ఎక్కడానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గరే ఆగిపోయి పక్క పెట్టెకు పోయారు. ఆవడి దాకా రత్నస్వామి ఆ తల నిమురుతూనే ఉన్నాడు.

గురు, శుక్ర, శనివారాలు వాసుదేవ రాలేదు. సోమవారం వచ్చాడు. నున్నటి గుండు, కొత్త పంచె. సంవత్సరీకం జరిగిపోయిందని ఎవరూ అడగనవసరం లేకపోయింది. చేతిలోని డబ్బా నాకిచ్చాడు.

"మా అమ్మ వడలు పంపించింది. నీకే ముందు ఇయ్యమనింది. మాట తప్పినా నీ బుద్ధి మంచిదే అనింది."

వాళ్లమ్మ అంతా చెప్పేసిందన్నమాట. నేను తలెత్తలేకపోయాను. లేచి కిటికీ సీటు అతనికి చూపించాను. ఎవరూ లెమ్మనలేదు, నాకై నేనే లేచాను. వాసుదేవ కూర్చున్నాడు. రత్నస్వామి పొడుం పీల్చి ఆట ఎత్తుకున్నాడు. ఆ పూట గండం నా గేటు కావలివాడికి వచ్చింది. ఎదురుబండి దూసుకుపోయింది.

"రెండు," అన్నాడు వాసుదేవ. నా వైపు చూసి, ఏడాదిలో మొదటిసారి నవ్వి, "రెండే అన్నా," అన్నాడు.

నేను మూడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను.