గోడ కన్నంలో బల్బు

1965 జూలై 5, సోమవారం, సాయంకాలం ఆరున్నరకు మా గదికీ ఇంటావిడ గదికీ మధ్యనున్న గోడకు కన్నం పడింది. అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ నేనూ నా సహాధ్యాయీ ఆ గదిలో అద్దెకుండేవాళ్ళం. అద్దె నెలకు పన్నెండు రూపాయలు, కరెంటు అందులోనే. మా వీధిలో విద్యార్థుల గదులన్నీ ఆ పద్ధతిలోనే ఇచ్చేవారు.

ఇంటావిడ యాభై దాటిన వితంతువు. పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. పగలు వేరుశెనగ మిల్లులో గింజలు ఏరేది. ఇంటి దగ్గర, దర్జీ అంగడి నుంచి తెచ్చుకున్న చొక్కాలకు కాజాలు కుట్టేది. ఆ యేడు వానలు లేక మిల్లు వారానికి మూడు రోజులే నడిచింది. అప్పుడే కరెంటు రేటు కూడా పెరిగింది. ఏప్రిల్ దాకా అద్దె పెంచనని ఆమె అప్పటికే మాకు మాట ఇచ్చి ఉంది. బిల్లు కట్టకపోతే కరెంటు తీసేస్తారు. చీకటి గదికి విద్యార్థులు రారు. అద్దె రాకపోతే ఇల్లు వదిలి రాయదుర్గంలో మరిది పంచన చేరవలసిందే. ఇదంతా ఆమే మాకు చెప్పింది.

అందుకే గునపంతో తనే గోడ తొలిచి, తన గది బల్బు పీకేసి, మా బల్బును ఆ కన్నంలో వేలాడదీయించింది.

"పెద్దమ్మా, ఇంతకీ దీపం మాదా, నీదా?" అన్నాడు నా సహాధ్యాయి.

"ఎలుగు అందరిదప్పా. మీట మీ పక్కనుండాది. ఎయ్యాలన్నా ఆర్పాలన్నా మీరే. నా పని పగలే అయిపోతాది, నా గురించి చూడొద్దు."

ఆ మాట మేము నమ్మాం. డిసెంబరు బిల్లు కట్టడానికి ఆమె ఇత్తడి గంగాళం అమ్మింది. అది చూసి, బిల్లులో మా వంతు ఇస్తామంటే తీసుకోలేదు. కనీసం కరెంటైనా మిగిలిద్దామని, 1966 జనవరి 3 నుంచి చీకటి పడగానే దీపం ఆర్పి, పుస్తకాలు పట్టుకొని రైల్వే స్టేషను ముందరి దీపస్తంభం కిందికి పోయి చదువుకున్నాం. ఆమెకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని.

జనవరి 17 ఉదయం దర్జీ వచ్చాడు. రంజాన్ పండగకు వారం కూడా లేదు.

"ఏమక్కా, పండగ ముందర పెట్టుకొని ఒక్క కాజా కుట్టకపోతే ఎట్లా? గిరాకీలు అంగడి మీదికొస్తాండారు."

"చూపు ఆన్లేదన్నా. తీసుకుపో."

అతను చొక్కాల మూట భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. నా సహాధ్యాయి ఆమె దగ్గరికి వెళ్ళి, పని పగలే అయిపోతుందన్నావు గదా అని అడిగాడు.

"మిల్లు లేని పొద్దు బీళ్ళలో పుల్లలేరుకొచ్చేది ఎవరప్పా? కుట్టేదంతా పొద్దుమునిగినాకే. ఈ మధ్య మీరు దీపం ఆర్పి యాడికో పోతాండారు. సినిమాలు మరిగినారనుకుంటి."

"నీ బిల్లు తగ్గుతుందని, పెద్దమ్మా. స్టేషను కాడ చదువుకుంటున్నాం. దీపం వెయ్యమని ఒక్క మాటంటే..."

"గది మీది. బాడిగ ఇచ్చేటోళ్ళని దీపమెయ్యమని నేనెట్ల అడిగేది?"

ఆ సాయంకాలం నుంచి దీపం వేసి ఉంచాం. కానీ ఆమె చేతిలో కుట్టడానికి ఏమీ లేదు. దర్జీ మరొకరిని కుదుర్చుకున్నాడు. జనవరి బిల్లు కట్టలేకపోయింది. ఫిబ్రవరి 25, శుక్రవారం, పదకొండు గంటలకు కరెంటు ఆఫీసు మనిషి వచ్చి కరెంటు తీసేసి పోయాడు.

మార్చి ఒకటిన పన్నెండు రూపాయలు ఇస్తే రెండు తిరిగి నా చేతిలో పెట్టింది.

"దీపం లేని గదికి దీపం దుడ్లు తీసుకునేదానికి నేనేమన్నా షావుకార్నా?"

ఆ రెండు రూపాయలకు కిరసనాయిలు కొని పరీక్షలకు చదివాం. ఏప్రిల్ చివర ఆమె రాయదుర్గం బస్సెక్కింది. పెట్టె పైకి అందించింది మేమే.

పోయినవి: కుట్టుపని, గంగాళం, కరెంటు, ఇల్లు. మిగిలినవి: పెంచనన్న అద్దె పెంచలేదు, మేమిద్దరం పరీక్ష ప్యాసయ్యాం.