చెవిలో మెషిన్, ఫారంలో అబద్ధం

ఆ మధ్యాహ్నం మెస్‌లో పాతికమంది తింటున్నారు. ముంబయి కామాటిపురాలో మేము అద్దెకుండే చాల్ కింది గదిలో, మహబూబ్‌నగర్ నుంచి పనికొచ్చిన మేస్త్రీలకు, కూలీలకు నేనే వండి వడ్డిస్తాను. వెనక నుంచి ఎవరో నాలుగుసార్లు పిలిచారట. చివరికి భుజం తట్టేసరికి ఉలిక్కిపడి గరిటె జారవిడిచాను. అందరూ నవ్వారు. రెండు చెవుల్లోని హియరింగ్ ఎయిడ్‌లు ఫుల్ వాల్యూమ్‌లోనే ఉన్నాయి. గొంతులు వినపడుతున్నాయి, మాటలే తెలియడం లేదు.

వాటిని అమ్మినవాడి దగ్గరికి పోతే మూడుసార్లు సౌండ్ పెంచి పంపాడు. వాడి మొహం మండ, ఇక వీటితో లాభం లేదమ్మా అని ఒక్కసారైనా చెప్పలేదు.

ఈలోగా మా తోటికోడలు సుగుణక్క దిగింది. "నువ్వు లోపల బియ్యం కడుగు యాదమ్మా. గిరాకీతోని నేను మాట్లాడ్త" అని గరిటె లాక్కుంది. పదిహేనేళ్లు నేను నిలబెట్టిన మెస్ అది! నాకు వినపడదన్న ధీమాతో నా ఎదుటే "చెవిటిది, దానికేం తెల్వది" అంటుంటే పెదాలు చూసి పట్టేశాను. ఒళ్లు మండిపోయింది. మర్నాడే ఆసుపత్రికి పోయాను.

ఆడియోగ్రామ్, సీటీ స్కాన్, ఎమ్మారై అన్నీ చేశారు. "ఇక సౌండ్ పెంచి లాభం లేదు. సర్జరీ చేసి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ నేరుగా చెవి నరానికి సిగ్నల్ పంపుతుంది. కానీ మాటలు పట్టడం మీరు మళ్లీ నేర్చుకోవాలి" అని డాక్టరమ్మ పెదాలు కనపడేలా మెల్లగా హిందీలో చెప్పింది.

కుడి చెవికి సర్జరీ అయింది. వారం రోజులు తల తిరిగింది. నెలకు స్విచ్ ఆన్ చేస్తే మనుషుల మాటలు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టున్నాయి. ఏడ్చేశాను.

మెషిన్ సెట్టింగులు సరిచేసే మ్యాపింగ్‌కు పోయినప్పుడల్లా, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ నోటికి కాగితం అడ్డం పెట్టుకొని మరాఠీ మాటలు చదివేది. నేను తిరిగి చెప్పాలి. ఆరు నెలలైనా పదింటికి మూడు దాటలేదు. "ఇంట్లో ప్రాక్టీస్ చేయడం లేదు మీరు" అని విసుక్కునేది. ఇంటికొస్తే సుగుణక్క. "తలకాయ కోపిచ్చుకొని ఏం ఫాయిదా అయింది? ఇగ మెస్సు నాకిడిసిపెట్టు." నాకూ మెషిన్ తీసి అవతల పారేద్దామనిపించింది.

ఒకరోజు ఆమె బజారుకు పోతే నేనే వడ్డిస్తున్నాను. "అక్కా, పచ్చిపులుసు ఇంకింత పొయ్" అని వెనక నుంచి నర్సింహులు మేస్త్రీ అన్నాడు. వెనక్కి తిరిగి పోశాను. పోశాక నా చేయి ఆగిపోయింది. అతను అడిగినప్పుడు నేను అతని మొహమే చూడలేదు!

"ఏమన్నవ్ తమ్మీ? నేను అటు తిరుగుత, మల్ల ఏదన్న అను."

"అన్నం మెత్తగైందక్కా."

ప్రతి మాటా తెలిసింది. అప్పుడు నా మీద నాకే కోపం ముంచుకొచ్చింది. ఆసుపత్రి ఫారంలో మాతృభాష దగ్గర మరాఠీ అని రాయించింది నేనే. తెలుగు అంటే బయటివాళ్లంటారని మా చాల్‌లో అందరం అలాగే రాయిస్తాం. పెళ్లై వచ్చిన కొత్తలో మా అత్త నేర్పిన సంగతి అది. నా మరాఠీ కూరగాయల బేరం వరకే. వాళ్లు చదివే మాటల్లో సగం నాకు చెవులు బాగున్నప్పుడూ రావు.

వెళ్లి ఆడియాలజిస్ట్‌కు చెప్పాను. "ఆరు నెలలు వేస్ట్! ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచింది. "మీరు ఒక్కసారైనా ఎందుకు అడగలేదు?" అని నేనూ అరిచాను. ఆ తర్వాత రోజూ తిన్నాక నర్సింహులు నా వెనక కూర్చుని తెలుగు మాటలు చదివాడు. రెండు నెలల్లో పదింటికి ఎనిమిది వచ్చాయి.

ఫోన్‌లో ఇప్పటికీ సగమే తెలుస్తుంది. గోలలో ఇంకా కష్టం. కానీ సుగుణక్క నా వెనక మళ్లీ "చెవిటిది" అన్నరోజు తిరగకుండానే, "ఇనవడ్డదక్కా. గరిటె ఇటియ్యి" అన్నాను. ఇచ్చింది. ఆమెను నేను క్షమించలేదు, క్షమించను కూడా.

ఇంప్లాంట్‌కు పోయేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఫారంలో మాతృభాష అన్నచోట పరువు చూసుకోకండి. చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఏ భాషలో తిట్టిందో అదే రాయండి.